మూడో కాపీ

మా బడేసాహెబ్ మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. లోకంలో ఏం జరిగినా సరే, అందులోంచి మనిషి ఉద్యోగంలో పైకి రావడానికి పనికొచ్చే పాఠం ఒకటి పట్టుకొచ్చేవారు. పట్టుకొచ్చి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనుకోకపోదురు. దాన్ని ఇంగ్లీషులో నాలుగు పంక్తులకు కుదించి, నంబరు వేసి, కార్బన్ కాగితాలు పెట్టి మూడు కాపీలు టైపు కొట్టేవారు. మొదటి కాపీ, ఆ పాఠానికి కారణమైన దురదృష్టవంతుడికి. రెండోది గోడకున్న మేకుకి. మూడోది ఫైలుకి. ఆ మూడో కాపీ ఎందుకో చోడవరంలో ఎవరికీ తెలీదు. అడిగితే, "రికార్డు ఉండాల కదమ్మా," అనేవారు.

ఆయన టైపు ఇన్‌స్టిట్యూటు బస్టాండు వెనక సందులో, ఒక కిరాణా కొట్టు మేడమీద ఉండేది. ఎనిమిది మిషన్లు, ఒక గోడగడియారం, ఒక కిటికీ. పక్క గదిలో ఆయనా, ఆయన భార్య ఆమినాగారూ కాపురం. మనిషి బక్కపలచగా ఉండేవారు. అరవై దాటిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. నేర్చుకునేవాళ్ళ వెనక చేతులు కట్టుకుని నడుస్తూ, పాఠం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునేవారు.

ఒకసారి పక్కింటి వాళ్ళ మేక మెట్లెక్కి వచ్చి, మేకుకున్న రెండో కాపీలు పాతిక దాకా నమిలేసింది. ఇంకొకరైతే కర్ర తీసుకుందురు. ఆయన పక్కనే నిలబడి అది తినడం అయిపోయేదాకా చూసి, "ఎంత శ్రద్ధో సూడండి!" అన్నారు. ఆనాటి పాఠం నంబరు నూట ముప్పై ఒకటి: ఆకలి ఉన్నవాడు మెట్లు లెక్కపెట్టడు. మొదటి కాపీ మేక యజమానికి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చారు. ఆ తర్వాత చాలాకాలం ఆ మేకని చూసినప్పుడల్లా, ఉద్యోగంలో పైకి రావడానికి కావలసినవన్నీ దాని కడుపులో ఉన్నాయి కదా అనుకునేదాన్ని.

ఇంట్లో కూడా అంతే. పప్పులో ఉప్పెక్కువైతే ఆమినాగారికి ఒక పాఠం, తక్కువైతే ఒక పాఠం. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆ కాగితాల్లో కారప్పొడి పొట్లాలు కట్టి బంధువులకి పంచేవారు. "ఆయన సెప్పింది ఊరూరా తిరగాలంటారు కదా. తిరుగుతంది," అనేవారు.

నేను ఆయన దగ్గర చేరింది తొంభై నాలుగులో. అప్పటికే నేను బాగా అలసిపోయి ఉన్నాను. మా ఆయన సర్వీసులో ఉండగా పోతే, ఆ ఉద్యోగం బదులు నాకు బుచ్చయ్యపేటలో ఒక గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టు పోస్టు ఇచ్చారు. ఇస్తూ ఒక మెలిక పెట్టారు. రెండేళ్ళలో ఇంగ్లీషు టైపు లోయరు పరీక్ష పాసవ్వాలి. కాకపోతే అటెండరుగా దింపేస్తారు. అటెండరు పనంటే నాకు చిన్నచూపేమీ లేదు. మా ఆఫీసు అటెండరు దాసు నాకంటే హాయిగా ఉండేవాడు. కానీ ఆ జీతంతో మా అత్తనీ, స్కూలుకెళ్ళే మా పాప శ్రీసుధనీ సాకడం నా వల్ల కాదు. ఇంకోచోట నేర్చుకుని అప్పటికే రెండుసార్లు రాసి తప్పాను. మిగిలింది ఏడు నెలలూ, ఒకే ఒక్క పరీక్షా.

మా సూపరింటెండెంటు వేంకటరమణమూర్తిగారు మంచివారే గానీ, ప్రతి సోమవారం ఆస్పత్రిలో మనిషిని పలకరించినట్టు పలకరించేవారు.

"ఏమ్మా వరహాలక్ష్మీ, టైపు ఎలా ఉంది?"

"ఉందండీ."

"జాగ్రత్తమ్మా. పైనుంచి మళ్ళీ కాగితం వచ్చింది."

నా రోజు నాలుగున్నరకి మొదలయ్యేది. వంట, నీళ్ళు, ఆరింటికి టైపు, ఏడున్నరకి ఇంటికి పరుగు, పాపకి జడలు, బస్సు, ఆఫీసు, మళ్ళీ బస్సు. ఆ బస్సులో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. ఆ విద్యకి పరీక్ష పెట్టి ఉంటే ఫస్టు క్లాసులో పాసయ్యేదాన్ని. ఇలాంటి మనిషికి పైకి రావడం ఎలాగో చెబితే ఏం వింటుంది చెప్పండి. నాకు పైకి రావాలని లేదు. ఎక్కడైనా కాసేపు కూర్చోవాలని ఉండేది.

చేరిన రోజే పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

"ఏటమ్మా లేటు?"

"కుళాయి నీళ్ళు లేటుగా వచ్చేయండి, మేస్టారూ."

ఆయన మొహం విప్పారింది. గబగబా మూలనున్న పాత మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఆ మిషను పేరు తాతగారు. దాని మీటలు ఎంత బిరుసంటే, ఆయన తప్ప ఎవరూ దానిమీద ఒక పేజీకి మించి కొట్టలేరు. టకటకమని వాయించి నా చేతిలో కాగితం పెట్టారు. పాఠం నంబరు నూట ఎనిమిది: నీళ్ళు రాకముందే బిందె కడిగి పెట్టుకున్నవాడే ప్రమోషనుకి అర్హుడు.

ఇంటికి తెచ్చి మా అత్త అచ్చియ్యమ్మకి తెలుగులో చెప్పాను. ఆవిడ బుగ్గ నొక్కుకుంది. "బిందె కడిగింది నేను. పెమోసను నీకా? ఆ మేస్టారు టైపు నేర్పుతన్నాడా, అరికథ సెప్తన్నాడా?" అంది. అది మొదలు, నేను టైపు నుంచి రాగానే, "ఇయ్యాల ఏటి సెప్పేడు?" అని అడగడం, చెప్పగానే, "ఒక్కటీ పనికొచ్చే ముక్క కాదు," అనడం ఆవిడకి నిత్యవిధి అయిపోయింది.

నా ఎడమచేతి చిటికెనవేలు సంగతి ఇక్కడ చెప్పాలి. నాకు ఆరేళ్ళప్పుడు, దేవరాపల్లి దగ్గర మా కన్నవారి ఊళ్ళో బెల్లం వండుతున్నారు. ఆరేదాకా ఆగలేక ఉడుకు పాకంలో వేలు ముంచి రుచి చూడబోయాను. వేలు దక్కింది గానీ బలం పోయింది. కాస్త వంకరగా, చచ్చుబడిన వేలు. అంట్లు తోమడానికీ, బిందె మోయడానికీ ఎప్పుడూ దాని అవసరం రాలేదు. టైపుకి వచ్చింది. ఇంగ్లీషులో ఏ అనే అక్షరం ఆ వేలే కొట్టాలి. అది మీటమీద వాలేది తప్ప కొట్టేది కాదు. దాంతో నా కాగితంలో అన్ని అక్షరాలూ నల్లగా, ఏ ఒక్కటీ వెలిసిపోయి ఉండేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే పనికిరానిదని రాసి పడేస్తారని నా భయం.

మాస్టారు మొదటి వారంలోనే పట్టుకున్నారు.

"ఈ ఏ ఒక్కటీ నీరసంగా పడతంది, ఏటమ్మా?"

"రిబ్బను పాతదండీ."

ఆయన రిబ్బను మార్చారు. కొత్త రిబ్బనుతో నా ఏ ఇంకా నీరసంగా కనబడింది. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. నా చేతులు ఒళ్ళో దాచుకుని, ఇప్పుడు పాఠం వస్తుందని ఎదురుచూశాను. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఆయన చరిత్రలో అదే మొదటిసారి.

మర్నాడు నా మిషను మీద ఒక పాఠం పెట్టి ఉంది. నంబరు నూట పన్నెండు. ఒక జీబ్రా బద్ధకించి చెరువుకి ఆలస్యంగా వెళ్ళింది. క్యూలో ఆఖర్న నిలబడింది. మహారాణి చూసి ఆశ్చర్యపోయింది. అందుచేత ఉద్యోగస్తులు వేళకి ఆఫీసుకి వెళ్ళాలి.

"మేస్టారూ, ఈ జీబ్రా ఎక్కడిదండీ?"

"ఎక్కడిదైతే ఏటమ్మా, కొట్టు. మూడు కాపీలు."

"నేను కూడా మూడు కాపీలేనాండీ?"

"ఆఁ. మూడో కాపీలో అక్షరం కనబడాల. కనబడకపోతే మళ్ళీ కొట్టాల."

రెండు కార్బన్లు పెట్టి కొట్టడమంటే వేళ్ళతో పిండి రుబ్బినంత పని. అది మొదలు ఆ జీబ్రా నన్ను వదల్లేదు. ఒక్కో పాఠం నాలుగైదు రోజులు తిరగకొట్టించినా, రోజూ పొద్దున్నే ఆరింటికి ఏదో ఒకటి చేసేది. జీబ్రా క్యూలో నిలబడింది, జీబ్రా ప్రశ్న అడిగింది, జీబ్రాకి బహుమతి వచ్చింది, మహారాణి జీబ్రాతో పోట్లాడింది. ఏం చేసినా చివర్న ఉద్యోగస్తులకి ఒక నీతి. చోడవరం మొత్తానికి జీబ్రాని చూసిన మనిషి లేడు. నేను మాత్రం దాని ఇంటి సంగతులతో సహా చెప్పగలను.

"ఆవుని పెట్టకూడదాండీ?" అని ఒకరోజు బతిమాలాను.

"ఆవు నీకు పనికిరాదమ్మా," అన్నారు.

మా ఆరింటి బ్యాచ్‌లో సత్యారావు అని ఒకతను ఉండేవాడు. చీడికాడ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. డిగ్రీ చదివి, ఉద్యోగం కోసం టైపు కూడా ఒక చెయ్యి చూద్దామని చేరాడు. టైపు కొడుతున్నంతసేపూ అతని కుడిచేతి చిటికెనవేలు, టీ గ్లాసు పట్టుకున్నవాడికిలాగ గాల్లో నిలబడి ఉండేది. అతని పాఠాల్లో జీబ్రా లేదు. అతనికి పోలీసు. పోలీసు పోస్టాఫీసుకి వెళ్ళాడు, పోలీసు పెన్సిలు పారేసుకున్నాడు, పోలీసు పావురాన్ని పెంచాడు. సత్యారావు బెదిరిపోయాడు.

"నేనేటి తప్పు సేసేనండీ? రోజూ పొద్దున్నే పోలీసేటి నాకు?" అనేవాడు.

ఒకరోజు ఇద్దరికీ విసుగెత్తి, మాస్టారు లోపలికి వెళ్ళినప్పుడు కాగితాలు మార్చుకున్నాం. నేను పోలీసుని కొట్టాను. ఎంత హాయిగా సాగిందో. జీబ్రా చేతిలో పడ్డ సత్యారావు కూడా ఈల వేస్తూ కొట్టేశాడు. మాస్టారు వచ్చి రెండు కాగితాలూ చూశారు. ఆయనకి కోపం రావడం నేను అప్పుడే చూశాను.

"ఎవరి పాఠం ఆళ్ళే కొట్టాల! ఆటలనుకుంటన్నారా?"

"రెండూ పైకొచ్చే పాఠాలే కదండీ," అన్నాడు సత్యారావు.

"ఆయమ్మ జీబ్రా ఆయమ్మదే. నీ పోలీసు నీదే. కూకోండి."

ఆ సాయంత్రం దాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదని ఆమినాగారు చెప్పారు. మర్నాటి పాఠంలో జీబ్రాలు రెండు.

పరీక్షకి నెల ఉందనగా నాకు తిక్క రేగింది. రాత్రంతా శ్రీసుధకి జ్వరం. పొద్దున్న కళ్ళు మూతలు పడుతున్నాయి. మూడో కాపీలో ఏ కనబడలేదని మాస్టారు మూడుసార్లు తిరగకొట్టించారు. నాలుగోసారి చెప్పగానే కాగితాలు లాగేసి లేచి నిలబడ్డాను.

"నాకొద్దు మేస్టారూ! పరీక్షలో జీబ్రా ఇస్తారేటండీ? అందరికీ స్పీడు పుస్తకం ఇస్తన్నారు కదా. నాకూ అదే ఇవ్వండి."

"పుస్తకం ఎవరికైనా ఇస్తాను తల్లీ."

"మరి నాకేటి?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. ఏదో చెప్పబోయి, నా చేతి వంక చూసి మానేశారు.

"నేను పైకి రానక్కర్లేదండీ. ఉన్నచోట ఉండనిస్తే చాలు. నేను అలిసిపోయేను," అన్నాను. అని ఏడ్చేశాను కూడా. మిషన్లన్నీ ఆగిపోయాయి. సత్యారావు పైకి, ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. మాస్టారు మెల్లిగా వెళ్ళి తాతగారి ముందు కూర్చున్నారు. ఈ పరిస్థితిలో కూడా పాఠమా అని నాకు ఏడుపులో నవ్వొచ్చింది. నంబరు నూట తొంభై మూడు: ఒక జీబ్రా బాగా అలిసిపోయింది. మహారాణి దానికి కుర్చీ వేయించింది. అంతే. ఉద్యోగస్తులకి నీతి రాయడం ఆ ఒక్కరోజు మర్చిపోయారు.

మర్నాడు వెళ్ళేసరికి నా చెక్క కుర్చీ మీద పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి కుట్టిన మెత్త ఉంది. ఆమినాగారు టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. కూర్చుని జీబ్రాని కొట్టాను.

ఇక పరీక్ష. టైపు పరీక్షకి ఎవరి మిషను వాళ్ళే మోసుకెళ్ళాలి. సెంటరు అనకాపల్లిలో. ఇన్‌స్టిట్యూటులో మనం నేర్చుకున్న మిషన్నే దుప్పట్లో చుట్టి, వ్యానెక్కించి, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు పదిలంగా తీసుకెళ్ళాలి. దారిలో క్యారేజీ, అంటే కాగితాన్ని పట్టుకుని అక్షరం అక్షరానికీ పక్కకి జరిగే పైభాగం, అటూ ఇటూ కొట్టుకోకుండా తాడుతో కట్టాలి. ఆ కట్టే పని సత్యారావుకి అప్పజెప్పారు. అంతకు ముందు వారమే మాస్టారు పాఠం నంబరు రెండు వందల రెండు ఇచ్చి ఉన్నారు: గట్టి ఉద్యోగి ఒక ముడి చాలినచోట రెండు వేస్తాడు. సత్యారావు ఆ పాఠాన్ని మనసుకి పట్టించుకున్నాడు. నా మిషనుకి నాలుగు ముడులు వేశాడు.

పరీక్ష హాల్లో దుప్పటి విప్పి, ముడులు విప్పి, కాగితం ఎక్కించి ఒక అక్షరం కొట్టాను. పడింది. రెండోది కొట్టాను. అదీ మొదటి దాని మీదే పడింది. సత్యారావు బిగింపుకి లోపల క్యారేజీని లాగే పట్టీ తెగిపోయింది. ఇక ఆ మిషను మీద ఇంగ్లీషు భాష మొత్తం ఒకేచోట కొట్టుకోవచ్చు. పావుగంటలో గంట కొడతారు.

మా సూపరింటెండెంటుగారి మొహం, పైనుంచి వచ్చిన కాగితం, దాసు పక్కన నా స్టూలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. సత్యారావు తల పట్టుకుని, "నాలుగు ముడులేసేనండీ, నాలుగు!" అని అదే మాట అంటున్నాడు.

గుమ్మం దగ్గర ఆయాసం వినబడింది. మాస్టారు తాతగారిని రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని మెట్లెక్కి వస్తున్నారు. ఎవరైనా సాయం పడదామంటే వదలరు. ఏ పరీక్షకి వెళ్ళినా ఆయన ఒక మిషను అదనంగా వ్యానులో వేసుకొస్తారు. ఈసారి వేసుకొచ్చింది తాతగారిని. నా బల్లమీద దించి, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నారు.

"తాతగారి మీదా! మేస్టారూ, నా వేలు..." అని నాలుక కరుచుకున్నాను.

ఆయన విననట్టే ఉన్నారు. "ఏటమ్మా భయం? రోజూ మూడు కాపీలు కొట్టేవు కదా. ఇక్కడ ఒక్క కాపీయే," అన్నారు. నంబరు లేదు, కార్బను లేదు. ఆ ఒక్క మాట చెప్పి, పరీక్షాధికారి తొందరపెడుతుంటే బయటికి వెళ్ళిపోయారు.

గంట కొట్టారు. అరవై మిషన్లు ఒక్కసారి మోగాయి. నేను మొదటి ఏ కొట్టాను. తాతగారి మీట గట్టిగా ఎదురుతిరిగింది. నా వేలు దాన్ని అణిచింది. కాగితం మీద ఏ నల్లగా పడింది. ఇంకొకటి. అదీ నల్లగానే. పరీక్ష నడిచిన ఆ పది నిమిషాలూ నాకు ఇల్లు లేదు, బస్సు లేదు, నిద్ర లేదు. ఆఖరి పంక్తి చివర కాగితం తీసి చూసుకుంటే అక్షరాలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఎక్కడా జీబ్రా రాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త వెలితిగా అనిపించింది.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. నేనూ పాసయ్యాను, సత్యారావూ పాసయ్యాడు. వేంకటరమణమూర్తిగారు సోమవారం వచ్చి, అలవాటుగా, "ఏమ్మా, టైపు..." అని ఆగిపోయి, ఇక ఏం అడగాలో తోచక, "ఎండలు బాగున్నాయమ్మా," అని వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, మా అత్త చేసిన కొబ్బరుండలు డబ్బాలో పెట్టుకుని ఇన్‌స్టిట్యూటుకి వెళ్ళాను. మాస్టారు నమాజుకి వెళ్ళారు. ఆమినాగారు ఒక్కరే ఉన్నారు. నేలమీద పెద్ద ఫైలు విప్పి, అందులోంచి కాగితాల కట్టలు రెండు తీసి పక్కన పెడుతున్నారు.

"ఏటండీ అమ్మగారూ అవి?"

"మీయే. నీదీ, ఆ సత్యారావుదీను. పాసైపోయినోళ్ళవి పొయ్యిలో పెట్టీమంటారు. ఎవరి కంటా పడకూడదంట."

"అదేటండీ? రికార్డన్నారు కదా?"

ఆవిడ నవ్వి కట్ట నా ఒళ్ళో పడేశారు. అవన్నీ నేను కొట్టిన జీబ్రాలు. మూడో కాపీలు. పైనున్న మొదటి కాగితంలో నా ఏ లు ఒక్కటి కూడా లేవు. అవి ఉండాల్సినచోట ఖాళీలు. మొదటి కాపీలో వెలిసిపోయి కనబడ్డవి, రెండు కార్బన్లు దాటేసరికి మాయమైపోయాయి. ప్రతి ఖాళీ చుట్టూ పెన్సిలుతో ఒక సున్నా. అడుగున, ఆయన రాతలో: ఎడమ చిటికెనవేలు. అడగరాదు.

"మొదటి కాపీలో ఎవరైనా దాక్కుంటారంట. మూడో దాంట్లో ఏ వేలు ఎంత బలమో తెలిసిపోద్దంట," అన్నారు ఆమినాగారు. "ఆ వేలితో కొట్టే అచ్చరాలు ఏవో ఉన్నాయంట కదా, మూడు. ఏ అట, జెడ్డట, ఇంకోటేదో."

"క్యూ," అన్నాను.

"ఆఁ, అదీ. అవి మూడూ వచ్చే మాటలు కావాలని పుస్తకాలన్నీ తిరగేసేవారు. అన్నం తింటా కూడా అదే గోల. ఆ గుర్రం నాకూ నచ్చలేదమ్మా. కానీ ఆ అచ్చరంతో ఇంకేటి దొరకలేదంట, పాపం."

క్యూ, మహారాణి అంటే క్వీను, జీబ్రా, బద్ధకమంటే లేజీ, ఆశ్చర్యమంటే అమేజు. ఇంగ్లీషులో ఆ మాటలన్నీ ఒక్కొక్కటీ నా చిటికెనవేలు కిందికి వచ్చాయి. సత్యారావు కట్ట తీశాను. పీ అక్షరాల చుట్టూ సున్నాలు. గాల్లో నిలబడే ఆ కుడి చిటికెనవేలిని కిందికి దించడానికే పోలీసుని పిలిచారు. నా కట్టలో ఒక్కొక్క కాగితం తిప్పాను. సున్నాలు తగ్గుతూ వచ్చాయి. పన్నెండు, తొమ్మిది, నాలుగు. నేను ఏడ్చిన రోజున మళ్ళీ పద్దెనిమిది. ఆఖరి కాగితం మీద సున్నాలే లేవు. అడుగున పెన్సిలుతో ఒక టిక్కు పెట్టారు. దాన్ని కాగితం చిరిగేటంత గట్టిగా పెట్టారు.

ఏడు నెలలు నేను దాచిన వేలిని ఆయన మొదటి వారంలోనే చూశారు. చూసి, నేను దాచుకోవడం కూడా చూసి, ఏడు నెలలూ చూడనట్టే ఉన్నారు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను.

"అయితే మీ పప్పులో ఉప్పు పాఠాలు కూడా ఇలాగే దేనికోనాండీ?" అని అడిగాను.

"అవా? అయి ఉత్త పిచ్చే," అన్నారు ఆమినాగారు.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. ఆవిడ గబగబా కట్టలు లోపలికి పట్టుకుపోయారు. మాస్టారు వచ్చి, కొబ్బరుండ ఒకటి నోట్లో వేసుకుని, నన్ను పైనుంచి కిందికి చూశారు. నా కళ్ళ కింద నలుపు చూశారనుకుంటాను. తాతగారి ముందు కూర్చుని మూడు కాపీలు కొట్టి, మొదటిది నా చేతిలో పెట్టారు. నంబరు రెండు వందల ఇరవై ఆరు. ఆఫీసుకి వేళకి వెళ్ళు. ఇంటికి వేళకి రా. రేపు రెండో శనివారం. ఏడింటి దాకా పడుకో.

కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను.

"దీంట్లో జీబ్రా లేదేటండీ, మేస్టారూ?"

ఆయన చటుక్కున ఆమినాగారి గది వైపు చూశారు. తర్వాత నా వైపు చూసి గడ్డంలో నవ్వుకున్నారు. "దాని పనైపోయిందమ్మా. అడివికి పంపించీసేను," అన్నారు.

మర్నాడు అలవాటు కొద్దీ నాలుగున్నరకే మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాక కాగితం గుర్తొచ్చింది. మూడు కాపీల్లో ఉన్న ఆర్డరు, కాదనడానికి నేనెవర్ని? మళ్ళీ పడుకుని దుప్పటి ముసుగేసుకున్నాను. తెల్లారాక మా అత్త వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏటే, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉందత్తా. మేస్టారు ఏడింటి దాకా పడుకోమన్నారు."

మా అత్త దుప్పటి నా కాళ్ళమీదికి లాగింది. "ఇన్నాళ్ళకి ఒక్క పనికొచ్చే ముక్క సెప్పేడు," అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.